కొత్త కంప్యూటర్లు వచ్చాయని పాతవాటిని వెంటనే పంపించేయకండి

పోయిన నెల మాకు తెలిసిన ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ గారి దగ్గర్నుంచి సోమవారం పొద్దున్నే ఫోన్. శని, ఆదివారాల్లో ఆఫీసులో ఉన్న ఆరు కంప్యూటర్లూ మార్చేశారు. పాతవి ఎక్స్ఛేంజ్‌కి తీసుకెళ్లిన కుర్రాడు "బ్యాకప్ తీసుకున్నారా సార్" అని అడిగాడట, "పెన్‌డ్రైవ్‌లో ఉంది" అన్నారట. ఆ పెన్‌డ్రైవ్ నేను చూశాను. అందులో ఉన్నది ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) డేటా కాదు, డెస్క్‌టాప్ మీద కనిపించే డేటా ఫోల్డర్ షార్ట్‌కట్, అంటే ఫోల్డర్‌కి దారి చూపే గుర్తు మాత్రమే. సైజు 2 కేబీ. అప్పటికే పాత సిస్టమ్ ఫార్మాట్ అయిపోయి దాని మీద మళ్లీ విండోస్ ఎక్కించేశారు కూడా. ఆడిటర్ గారి దగ్గర సెప్టెంబర్ దాకా కాపీ ఉంది కాబట్టి అంతవరకు దక్కింది, మిగతాదంతా బిల్లు పుస్తకాలు ముందేసుకుని ఇద్దరు కూర్చుని మళ్లీ ఎక్కిస్తున్నారు.

ఇలాంటివి నేను చాలాసార్లు చూశాను. వైరస్ వల్ల డేటా పోగొట్టుకున్నవాళ్ల కంటే, కంప్యూటర్ మార్చిన రోజు పోగొట్టుకున్నవాళ్లే నాకు ఎక్కువగా తగిలారు.

ఈమధ్య మార్పులు ఎక్కువగా జరుగుతున్నాయి. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. సంస్థలు డబ్బు కట్టి పొడిగించుకోవచ్చు కానీ ఒక్కో కంప్యూటర్‌కు మొదటి ఏడాది 61 డాలర్లు, తర్వాత ఏటా అంతకుముందు ఏడాదికి రెట్టింపు, అదీ మూడేళ్లే. దానికి తోడు మార్చి నెల రద్దీ. ఏడాది చివర్లో వాడుకలోకి తెచ్చినా కంప్యూటర్లపై సగం తరుగుదల దొరుకుతుందని ఆడిటర్ చెప్పగానే అందరూ ఒకేసారి కొంటారు, రద్దీలో టెక్నీషియన్ ఒక పూటలో ముగించి వెళ్లిపోతాడు. మార్చడం మంచిదే, మార్చాలి కూడా. తొందర మాత్రం వద్దు.

కొనే ముందు

అన్నీ కొత్తవి కొనాల్సిన పని ఉండకపోవచ్చు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం ప్రాసెసర్ నుంచి నడుస్తుంది. ఐ5-8500 అంటే 8వ తరం, ఐ5-6500 అంటే 6వది. అమ్మేవాళ్లు "ఐ5 సార్" అని మాత్రమే చెబితే ఆగండి, పూర్తి నంబర్ అడగండి. సెకండ్ హ్యాండ్‌లో ఇక్కడే డబ్బు పోతుంది. మీ దగ్గరున్నవి 8వ తరంవి అయితే టీపీఎం బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) ఆఫ్ చేసి ఉండొచ్చు, ఆన్ చేయించి, ఒక ఎస్ఎస్‌డీ, కాస్త ర్యామ్ వేయిస్తే ఇంకొన్నేళ్లు హాయిగా పనిచేస్తాయి. పాత ప్రాసెసర్ మీద ఏదో చిట్కాతో విండోస్ 11 ఎక్కిస్తామనేవాళ్లను ఆఫీసు మెషీన్ల దగ్గరికి రానివ్వకండి.

ఇంకోటి. విండోస్ 11లో 32 బిట్ రకం లేదు, కాబట్టి విండోస్‌కు ముందు కాలపు డాస్ మీద నడిచే పాత బిల్లింగ్ ప్రోగ్రాములు, డాస్ ఫాక్స్‌ప్రోలో రాసినవి కూడా, ఉన్నవి ఉన్నట్టు నడవవు. రైస్ మిల్లుల్లో, ఫైనాన్స్ ఆఫీసుల్లో ఇవి ఇంకా ఉన్నాయి. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కి కావలసిన పాత వెడల్పాటి పోర్టు కొత్త కంప్యూటర్లలో చాలావాటికి ఉండదు. ప్రెస్‌లు, డీటీపీ సెంటర్ల వాళ్లు అను ఫాంట్లతో చేసిన పేజ్‌మేకర్ ఫైళ్లు కొత్త మెషీన్ మీద తెరుచుకుంటున్నాయో లేదో ముందే చూసుకోండి. అన్నీ ఒకేసారి తెప్పించకుండా ఒక్కటి తెప్పించి, దాని మీద మీ పని మొత్తం ఒక వారం చేసి చూడండి.

మార్చే రోజు

అసలు విషయం ఇదే. కొత్త కంప్యూటర్‌లో తెరిచి చూసేదాకా పాతదాన్ని ఫార్మాట్ చేయొద్దు, ఇచ్చేయొద్దు. బ్యాకప్ "తీశాం" అనే మాటకు విలువ లేదు. డేటా కొత్తదాంట్లోకి ఎక్కించాక పాత కంప్యూటర్ కరెంటు తీసేయండి, నెట్‌వర్క్ వైరు పీకేయండి. ఎందుకంటే కొత్తదాంట్లో డేటా కనిపిస్తోందని సంతోషపడతాం, తీరా అది నెట్‌వర్క్ మీద పాత మెషీన్ లోంచే తెరుచుకుంటూ ఉంటుంది. నేనే రెండుసార్లు చూశాను ఇది. పాతది ఆపాక కొత్తదాంట్లో ట్యాలీలో మీ కంపెనీ తెరవండి. చివరి వోచర్ నంబర్ చూడండి. ముందు రోజు పాతదాంట్లో ప్రింట్ తీసి పెట్టుకున్న ట్రయల్ బ్యాలెన్స్‌తో పైసలతో సహా సరిపోల్చండి. రెండు మూడేళ్ల కిందటి కంపెనీలు కూడా తెరవండి, ఎందుకంటే జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి, నోటీసు వచ్చేది కూడా ఆ పాత ఏడాదుల మీదే.

ఎస్‌క్యూఎల్ డేటాబేస్ మీద నడిచే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అయితే నడుస్తుండగా ఫోల్డర్ కాపీ కొడితే సరిపోదు, ఆ ప్రోగ్రాములోంచే బ్యాకప్ తీసి కొత్తదాంట్లో రీస్టోర్ చేయాలి. అవుట్‌లుక్ మెయిళ్లు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు డేటా ఫోల్డర్‌లో ఉండవు. డిజిటల్ సంతకం టోకెన్‌కి డ్రైవర్ వేసి, దానితో నిజంగా ఒకసారి లాగిన్ అయి చూడండి, రిటర్న్ ఆఖరి రోజు రాత్రి కాదు.

అన్నీ సరిపోయాక కూడా పాతది ఇచ్చేయకండి. కాగితం మీద "ముట్టుకోవద్దు" అని రాసి అంటించి ఓ మూల పెట్టండి. ఒక నెల జీఎస్టీ రిటర్న్ పూర్తిగా కొత్త సిస్టమ్ నుంచి దాఖలయ్యేదాకా అది అక్కడే ఉండాలి. ఎక్స్ఛేంజ్‌లో తగ్గించే రెండు మూడు వేల కోసం అంతకుముందే ఇచ్చేస్తే నష్టపోయేది మీరే.

కొత్త మెషీన్‌కు తాళం ఎవరి చేతిలో ఉంది?

విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా మెషీన్లలో డిస్క్ దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, అంటే కీ లేకుండా చదవలేకుండా తాళం పడుతుంది. భద్రతకు మంచిదే. కానీ దాని రికవరీ కీ, 48 అంకెలది, ఆ ఖాతాలోకి వెళుతుంది. అకౌంటెంట్ తన సొంత మెయిల్‌తో సెటప్ చేస్తే కీ అతని దగ్గరే ఉంటుంది, రేపు అతను ఉద్యోగం మానేస్తే? 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ దెబ్బకు సుమారు 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయినప్పుడు, ఈ కీలు వెతుక్కోలేక చాలా సంస్థలు అవస్థ పడ్డాయి. సంస్థ ఖాతాతోనే సెటప్ చేయండి. కీ ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి.

ఇక దూరం నుంచి చూసుకునే సంగతి. ఊరూరా బ్రాంచులు ఉన్నవాళ్లకు రిమోట్ సదుపాయం డబ్బు ఆదా చేస్తుంది, ప్రతి చిన్నదానికీ మనిషిని పంపక్కర్లేదు. కొన్ని బిజినెస్ మోడళ్లలో ఇంటెల్ వీప్రో అనే సదుపాయం ఉంటుంది, విండోస్ పడిపోయినా బయట నుంచి సరిచేయొచ్చు. అయితే దాని లోపలి సెట్టింగ్ పాస్‌వర్డ్ మామూలుగా ఫ్యాక్టరీ నుంచి "అడ్మిన్" అనే వస్తుంది. వాడినా వాడకపోయినా మార్చండి.

మిగతావి వరసగా చెప్పేస్తున్నాను.

రూటర్‌లో 3389 పోర్టు (విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ దారి) తెరిచి ఇంటి నుంచి పని చేయడం ఈ రోజే ఆపండి. వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి) పెట్టించండి.

పాత టెక్నీషియన్ ఎనీడెస్క్ అనే రిమోట్ ప్రోగ్రాములో పెట్టిన శాశ్వత పాస్‌వర్డ్ తీసేయండి.

క్రాక్ విండోస్ వద్దు. యాక్టివేటర్ పేరుతో ఏం ఎక్కుతుందో మీకు తెలియదు.

అప్‌డేట్లు ఆపొద్దు. 2017 మేలో వానాక్రై (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్) వచ్చినప్పుడు దాన్ని ఆపే ప్యాచ్ అప్పటికి రెండు నెలల ముందే ఉంది. అయినా మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి.

బ్యాకప్ డిస్క్ ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించి ఉంచొద్దు. రాన్సమ్‌వేర్ వస్తే దాన్ని కూడా లాక్ చేస్తుంది. రెండు డిస్కులు పెట్టుకోండి, ఒకటి ఆఫీసు బయట ఉండాలి.

బిల్లింగ్ చేసేవాళ్లకు అడ్మిన్ హక్కులు ఇవ్వొద్దు.

ఫార్మాట్‌కు ముందు ట్యాలీ లైసెన్స్ సరెండర్ చేయండి.

శనివారం సాయంత్రం మొదలుపెట్టి సోమవారానికి ముగించాలనుకోవద్దు. నెలాఖరులో అసలే వద్దు.

"ఫార్మాట్ కొట్టేద్దామా సార్" అని అడిగితే వద్దనండి. ఎవరు అడిగినా సరే. కొత్తదాంట్లో మీ కళ్లతో తెరిచి చూశారా? చూడకపోతే వద్దు.

చివరికి పాతది ఇచ్చే రోజున హార్డ్ డిస్క్ ఊడదీయించండి, దాని మీద తేదీ, ఏ సీటుదో పేరు రాసి బీరువాలో పెట్టండి. డబ్బా ఇవ్వండి, డిస్క్ ఇవ్వకండి.