టెంట్ కారుతోందా? ముందు వాసన చూడండి

మరమ్మతుకి టెంట్ నా బల్ల మీదికి రాగానే నేను చేసే మొదటి పని దాన్ని వాసన చూడటం. సంచి మూతి విప్పి అందులో ముక్కు పెడతాను. తెచ్చినవాళ్లు వింతగా చూస్తారు. చూడనివ్వండి, ఆ ఒక్క నిమిషంలో సగం సంగతి తెలిసిపోతుంది. పొగ వాసన అయితే ఉతికితే పోతుంది. ముక్కిన వాసన వస్తే ఎక్కడో బూజు పట్టిందన్నమాట. పులిసిన వాసన, అచ్చం వాంతి లాంటిది వచ్చిందంటే మాత్రం, చెడ్డ కబురు ఎలా చెప్పాలా అని ఆలోచించడం మొదలుపెడతాను.

ఆ వాసన గుడ్డది కాదు, పూతది. మామూలుగా దొరికే టెంట్లలో చాలామటుకు నైలాన్‌తోనో పాలిస్టర్‌తోనో చేసినవే. కానీ నీళ్లను ఆపేది ఆ గుడ్డ కాదు. దాని లోపలివైపు పల్చగా పాలీయూరిథేన్ పూత ఉంటుంది, మా పనిలో పీయూ అంటాం. తేలికగా ఉండే ఖరీదైన టెంట్లలో కొన్నిటికి పీయూ బదులు సిలికాన్ పట్టిస్తారు, వాటిని సిల్‌నైలాన్ అంటారు. పీయూకి తేమ, వేడి రెండూ పడవు. తడి టెంట్‌ను అలాగే చుట్టి కారు డిక్కీలో నెలల తరబడి వదిలేస్తే ఆ తేమకి పూత లోలోపలే విడిపోతూ వస్తుంది. ముందు చేతికి జిగురుగా తగులుతుంది, తర్వాత ఆ వాసన, చివరికి పెచ్చులు. వేలితో రుద్దితే చుండ్రులా రాలుతుంది. అక్కడిదాకా వచ్చాక నీళ్లు ఇంకకుండా కొట్టే ఏ స్ప్రే అయినా దండగే. నేలగుడ్డ ఒక్కటే పాడైతే పాత పూత గీకేసి కొత్తది బ్రష్‌తో వేస్తాను, అదీ గుడ్డ గట్టిగా ఉంటేనే. పై గుడ్డ, అంటే ఫ్లై మొత్తం అలా అయితే కొత్తది కొనుక్కోమంటాను. పని పోతుంది, నిజమే. కానీ నెల తిరక్కుండా అదే టెంట్ మళ్లీ నా బల్ల మీదికి రావడం నాకిష్టం లేదు.

వాసన పరీక్ష పాసైతే ఉతకడం. వాషింగ్ మెషీన్ పేరెత్తకండి. "డెలికేట్ మోడ్‌లోనే వేశానండీ" అంటూ ఒకాయన తెచ్చిన టెంట్‌ని నేను మర్చిపోలేను. కుట్ల మీది టేపులన్నీ ఊడివచ్చి, పెళ్లి పందిరి విప్పేసినట్టు రిబ్బన్లు రిబ్బన్లుగా వేలాడుతున్నాయి. టబ్బులో చల్లటి నీళ్లో గోరువెచ్చటి నీళ్లో పోసి, మెత్తటి స్పాంజితో తుడవాలి. పిండకూడదు, బాదకూడదు. బట్టల సబ్బుపొడి కూడా వద్దు. ఎంత జాడించినా గుడ్డలో కొంచెం మిగిలిపోయి అది నీళ్లను లాక్కుంటుంది. టెంట్లకీ రెయిన్‌కోట్లకీ వాడే నిక్‌వాక్స్ టెక్ వాష్ లాంటి సబ్బుద్రావణాలు ఉన్నాయి, నేను అవే వాడతాను. ఉతికే ముందు టెంట్‌ని తిరగేసి మూలల్లోని ఇసుకంతా దులపండి. ఇసుక ఉండగా రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే.

నల్లటి బూజు చుక్కలుంటే కొంచెం వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిచి, బాగా జాడించి ఆరబెట్టండి. బూజు చస్తుంది, చుక్కలు మాత్రం చాలాసార్లు ఉండిపోతాయి. వాటి మీద పంతానికి పోయి బ్లీచ్ పోస్తే నైలాన్ దారం బలం పోతుంది. మరకతో టెంట్ బతుకుతుంది, చిరుగుతో బతకదు. చెట్టు జిగురు అంటుకుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డని దాని మీద కాసేపు ఉంచి, మెల్లగా అద్ది తియ్యాలి.

ఆరబెట్టడం నీడలోనే. ఎండలోని అతినీల కిరణాలు నైలాన్‌ని మెల్లమెల్లగా తినేస్తాయి. గుడ్డ గంటలో ఆరిపోయినట్టే కనిపిస్తుంది, కానీ కుట్ల మడతల్లో, మేకులు తగిలించే పట్టీల్లో తడి దాక్కుంటుంది. వేళ్లకి తెలియదు. నేను కుట్టుని చెంపకి ఆనించి చూస్తాను. చల్లగా తగిలితే ఇంకో పూట ఆరాల్సిందే.

ఇక అసలు సంగతి. "కారుతోంది" అని నా దగ్గరికి తెచ్చే టెంట్లలో చాలావాటికి కారే జబ్బే లేదు. రాత్రంతా ఇద్దరు మనుషులు ఊపిరి వదులుతుంటారు, పక్కన తడి బట్టలు, బయట చలి. ఆ ఆవిరంతా చల్లటి ఫ్లైకి తగిలి నీళ్లవుతుంది. గాలి కొట్టగానే ఆ చుక్కలు ముఖం మీద పడతాయి, వాన లోపలికి వచ్చిందనుకుంటారు. అందుకే నేను ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. తడి గోడలంతా సన్నటి చుక్కలుగా ఉందా, ఒకచోట ధారగా ఉందా? వాన లేని రాత్రి కూడా వచ్చిందా? గోడలంతా ఉంటే, వాన లేని రాత్రి కూడా ఉంటే, అది ఊపిరి. గాలి కిటికీలు మూసి పడుకోవడం మానేస్తే చాలు. దానికి నేను డబ్బులు తీసుకోను.

నిజంగా కారుతుంటే ఎక్కడో కనిపెట్టాలి. టెంట్‌ని బిగుతుగా నిలబెట్టి, ఒకరు టార్చితో లోపల కూర్చుంటే ఇంకొకరు బయట పైపుతో నీళ్లు వదలాలి. పైనుంచి కాదు, కింది అంచు నుంచి. ఒక్కో కుట్టు దగ్గర రెండు మూడు నిమిషాలు ఆగి, తర్వాతే పైకి జరగండి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు లోపల కుట్టు వెంబడి జారి ఎక్కడో కింద కనబడతాయి, తప్పు చోట మందు వేస్తారు. చుక్క కనిపించిన ప్రతిచోటా లోపలినుంచి సుద్దముక్కతో గుర్తు పెట్టండి.

గుర్తులు ఎక్కువగా కుట్ల మీదే పడతాయి. కుట్టంటే సూది చేసిన చిల్లుల వరసే కదా. ఫ్యాక్టరీలో వాటి మీద టేపు అతికిస్తారు, కొన్నేళ్లకి దాని జిగురు వదిలేస్తుంది. సగం ఊడిన టేపుని మళ్లీ అతికించే ప్రయత్నం చేయకండి. ఊడినంతమేరా లాగేసి, మిగిలిన జిగురుని ఆల్కహాల్‌తో తుడిచేసి, కుట్లకి వేసే సీలెంట్, అంటే చిల్లులు పూడ్చే జిగురు మందు, రాయాలి.

ఇక్కడే నేను కొత్తలో తప్పు చేశాను. పీయూ టెంట్లకి వాడే సీలెంట్‌ని ఒక సిల్‌నైలాన్ టెంట్‌కి నాలుగు గంటలు కూర్చుని మహా శ్రద్ధగా రాశాను. మర్నాడు చూస్తే అద్దంలా మెరుస్తోంది. మూడు వారాల తర్వాత టెంట్ వెనక్కి వచ్చింది. కుట్టు చివర గోరు పెట్టి లాగితే, చేతికంటిన జిగురు ఎండాక ఒలిచినట్టు, మూరెడు పొర ఒక్క ముక్కగా చేతికొచ్చింది. సిలికాన్‌కి సిలికానే అంటుకుంటుంది. సిలికాన్ సీలెంట్ పీయూ మీద నిలవదు, పీయూది సిలికాన్ మీద నిలవదు. అదృష్టం కొద్దీ ఒలిచెయ్యడం తేలికైంది. మళ్లీ రాసి ఇచ్చాను, ఉచితంగానే.

మీ టెంట్ ఏదో తెలుసుకోవడానికి ఒక గుర్తుంది. లోపల కుట్ల మీద ఫ్యాక్టరీ టేపు ఉంటే ఆ వైపు పీయూనే, ఎందుకంటే సిలికాన్ మీద ఆ టేపు నిలవదు. అయినా అనుమానముంటే ఓ మూల చుక్కంత రాసి, ఒక రోజు ఆగి, గోటితో గీకి చూడండి. పీయూ గుడ్డకి పూత ఉన్న లోపలివైపు రాస్తాం, సిల్‌నైలాన్‌కి నేను బయటివైపు రాస్తాను. సిలికాన్ సీలెంట్ మరీ చిక్కగా ఉంటే రంగులు పల్చన చేయడానికి వాడే మినరల్ స్పిరిట్ కొంచెం కలిపి, తలుపులన్నీ తెరిచి పని చేయండి. గుడ్డ బిగుతుగా లాగి ఉండాలి, అప్పుడే చిల్లులు తెరుచుకుని మందుని తాగుతాయి. సన్నటి బ్రష్‌తో కుట్టుకి అటూ ఇటూ అర సెంటీమీటరు దాకా పల్చగా రాస్తే చాలు. రాత్రంతా వదిలేసి, ఎండాక పైన టాల్కమ్ పౌడర్ అద్దండి. లేకపోతే మడతపెట్టినప్పుడు కుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి.

పైన నీళ్లు ముత్యాల్లా జారకుండా గుడ్డలోకి ఇంకుతుంటే, అప్పుడు స్ప్రే. శుభ్రంగా ఉతికిన గుడ్డ మీదే కొట్టి, రెండు నిమిషాలయ్యాక మిగిలింది తుడిచేయాలి. తడి మీద కొట్టాలా, పొడి మీదా అన్నది డబ్బా మీద రాసుంటుంది, అది చదవండి. మురికి మీద స్ప్రే కొట్టడం స్నానం చేయకుండా సెంటు పూసుకోవడమే. నూలు కాన్వాస్ టెంట్ల దారి వేరు. కొత్తవి మొదటి వానకి కుట్ల దగ్గర కొంచెం కారతాయి. రెండుసార్లు తడిపి ఆరబెడితే దారం ఉబ్బి చిల్లులు వాటంతటవే పూడుకుంటాయి. భయపడి మందులు పూయకండి.

చిన్న చిరుగులకి మరమ్మతు టేపు చాలు. మూలలు గుండ్రంగా కత్తిరించండి, చదరపు మూల లేచినంత త్వరగా గుండ్రటిది లేవదు. చిరుగు చుట్టూ అంగుళం దాకా ఆల్కహాల్‌తో తుడిచి, లోపలా బయటా రెండువైపులా అతికించి, చెంచా వెనకవైపుతో గట్టిగా రుద్దండి. సిల్‌నైలాన్‌కి మళ్లీ అదే గొడవ, మామూలు టేపు నిలవదు. అదే గుడ్డ ముక్కని సిలికాన్‌తో మాసిక వేయాలి. జానెడుకి మించితే కుట్టాల్సిందే, పాలిస్టర్ దారంతో. కుట్లు మరీ దగ్గరగా వేస్తే తపాలా బిళ్లల కాగితంలా ఆ వరసలోనే చిరుగుతుంది.

జిప్పు పనిచేయకపోతే అందరూ పళ్లని తిడతారు, తప్పు రన్నర్‌ది, అంటే పళ్ల మీద అటూ ఇటూ జరిగే ముక్కది. ఇసుక దాని లోపలిభాగాన్ని అరగదీస్తుంది, పళ్లని దగ్గరికి నొక్కే బలం పోతుంది, జిప్పు వెనకాలే నోరు తెరుస్తుంది. ముందు టూత్‌బ్రష్‌తో పళ్లు శుభ్రం చేయండి. తర్వాత రన్నర్ వెనక అంచుని ప్లయర్‌తో ఒకవైపు ఒక్క నొక్కు, రెండోవైపు అంతే నొక్కు. లాగి చూడండి. చాలకపోతే ఇంకొక్కటి. తొందరపడి ఒకేసారి నొక్కితే పటుక్కున విరుగుతుంది, నేను విరగ్గొట్టిన వాటితో ఒక డబ్బా నిండింది. మార్చాల్సి వస్తే రన్నర్ వెనకవైపు 5, 8, 10 అని సైజు అంకె ఉంటుంది, అదే తెచ్చుకోండి. నూనె మాత్రం వేయకండి, దుమ్మంతా పట్టుకుంటుంది.

కర్రలు విప్పేటప్పుడు గుడ్డ గొట్టంలోంచి లాగకుండా తోయండి, మడిచేటప్పుడు మధ్యనుంచి మొదలుపెట్టండి, లోపలి ఎలాస్టిక్ తాడు ఎక్కువ రోజులు వస్తుంది. ఫైబర్ కర్ర చీలితే ఉత్త చేతులతో ముట్టుకోకండి, ఆ ముళ్లు కంటికి కనబడవు.

పని అయ్యాక టెంట్‌ని దాని సొంత సంచిలో పెట్టి ఇవ్వను. పెద్ద నూలు గలేబులో వదులుగా కుక్కి ఇస్తాను, ఆ చిన్న సంచిని విడిగా, ఖాళీగా చేతిలో పెడతాను. "ఇందులో పట్టదాండీ?" అని అడుగుతారు. పడుతుంది, బయలుదేరే రోజు పెట్టుకోండి అంటాను.