అటైనబుల్ అనే మాట గోల్స్ ఫామ్‌లో ఎలా వాడాలి?

బెంగళూరులో జాబ్‌లో చేరిన మన తెలుగోళ్ళకి ఫస్ట్ భయం సిల్క్ బోర్డ్ ట్రాఫిక్, రెండోది అప్రైజల్ ముందు వచ్చే గోల్స్ ఫామ్. అందులో "ఈజ్ దిస్ గోల్ అటైనబుల్?" అని ఒక కాలమ్ ఉంటది, మారతహళ్లి పీజీలో మంచం మీద కూర్చొని మొదటి ఏడాది నేను అక్కడ "యెస్ సర్" అని రాసి పంపేశా, అదే రోజు తిరిగొచ్చింది.

ముందు అర్థం పట్టుకోండి. దీని మూలం లాటిన్‌లో ముట్టుకోవడం అనే మాట, అంటే కష్టపడి చెయ్యి చాపితే అందేది అన్నమాట. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతానంది అంటాం చూడండి, ఆ స్వర్గం అన్అటైనబుల్, ఉట్టి మాత్రం మునివేళ్ళ మీద లేస్తే అటైనబులే.

తర్వాత వాక్యంలో పెట్టడం. "అటైనబుల్ టార్గెట్" అనొచ్చు, "దిస్ టార్గెట్ ఈజ్ అటైనబుల్ బై జూన్" అనొచ్చు. కానీ "ఇట్ ఈజ్ అటైనబుల్ టు ఫినిష్" అని రాయొద్దు, అక్కడ పాసిబుల్ రావాలి. మనోళ్ళు ఎక్కువ జారేది ఇక్కడే. ఇంకోటి, షాపులో దొరికే వస్తువుకి ఆబ్టెయినబుల్, ప్లాన్ వర్కవుట్ అవుద్దా అంటే ఫీజిబుల్.

ఇప్పుడు మీ గోల్‌ని టెస్ట్ చెయ్యండి. "కన్నడ ఫ్లూయెంట్‌గా మాట్లాడతా" అని రాస్తే ఎప్పటికి, ఎంత అనేది ఎవరికీ తెలీదు. "మూడు నెలల్లో ఆటో దగ్గర ఎష్టు అణ్ణా అని అడిగి, ఆయన చెప్పిన రేటు అర్థం చేసుకుని కన్నడలోనే బేరం ఆడతా" అనండి, రోజుకి పావుగంట ఉంటే చాలు, అందుద్ది. ఆఫీస్ గోల్ కూడా అంతే, టైమ్ ఎంత ఉంది, నేర్పేవాళ్ళున్నారా, వేరే టీమ్ మీద ఆధారపడాలా, ఈ మూడూ చూసుకుని అప్పుడు ఆ కాలమ్ నింపండి.

గోల్ ఎలా ఉండాలో S, M, A, R, T అనే ఐదు అక్షరాల్లో గుర్తుపెట్టుకునే పద్ధతిని స్మార్ట్ గోల్స్ అంటారు, అందులో A అంటే అటైనబుల్ లేదా అచీవబుల్ అని ట్రైనింగ్‌లో చెప్తారు గానీ, 1981లో జార్జ్ డోరన్ అనే ఆయన ఈ పద్ధతి గురించి రాసినప్పుడు అది అసైనబుల్, అంటే పని ఎవరికి అప్పగించాలో చెప్పడం. మీటింగ్‌లో ఎవరన్నా గట్టిగా వాదిస్తే ఇది వాడుకోండి.

పలికేటప్పుడు ఒత్తు "టై" మీద.