బొగ్గు బ్లాకు పాటకు వెళ్లేముందు లెక్క ఎలా వేసుకోవాలి

చీమకుర్తి క్వారీల వాళ్లకు టెండరు కాగితాలు తయారుచేయడం నా పని. ఈమధ్య గ్రానైట్‌లో నాలుగు డబ్బులు వెనకేసుకున్నవాళ్లు ఒంగోలులో మా ఆఫీసుకొచ్చి, "బాబాయ్, జార్ఖండ్‌లో బొగ్గు బ్లాకులు వేలం వేస్తున్నారంట, మనమూ వాటా పెడదామా?" అంటున్నారు. పెట్టొద్దని నేననను. లెక్క చూసుకుని పెట్టమంటాను.

బొగ్గు బ్లాకు అంటే బొగ్గు తవ్వుకోవడానికి హద్దులు గీసిన ప్రాంతం. వేలం లేకుండా ఇచ్చిన 204 బ్లాకుల కేటాయింపులను 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు రద్దు చేసింది. 2020లో మొదలైన వాణిజ్య వేలంలో సొంత ఫ్యాక్టరీ లేకపోయినా పాడుకోవచ్చు. పాడాల్సింది రూపాయలు కాదు, రాబడిలో ప్రభుత్వానికిచ్చే శాతం. కనీసం 4 శాతం. 10 దాకా అర శాతం చొప్పున, ఆపైన పావు శాతం చొప్పున పెంచుతారు. మన రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ ఏపీఎండీసీ జార్ఖండ్‌లోని బ్రహ్మదిహా బ్లాకును 41.75 శాతానికి పాడుకుంది. చూశారుగా, పాట ఎంతదాకా పోతుందో.

ముందు జియాలజికల్ రిపోర్టు తెరవండి. మొదటి పేజీలో ఇన్ని మిలియన్ టన్నులని ఉంటుంది, దాన్ని చూసి మురిసిపోవద్దు. గ్రేడు చూడండి. మన గెలాక్సీ గ్రానైట్ రాయి మీద నీళ్లు చల్లి మెరుపు చూసి ధర చెప్పినట్టు బొగ్గుకు కుదరదు. కిలోకు ఎన్ని కిలోకేలరీల వేడి వస్తుందన్నదాన్ని బట్టి జీ1 నుంచి జీ17 దాకా గ్రేడులుంటాయి. 7,000 దాటితే జీ1, 4,000 చుట్టుపక్కలకొస్తే జీ11, జీ12. తర్వాత స్ట్రిప్పింగ్ రేషియో, అంటే టన్ను బొగ్గుకు ఎన్ని క్యూబిక్ మీటర్ల పైమట్టి, రాయి తీయాలన్నది. లాభనష్టాలు చాలావరకు ఇక్కడే తేలిపోతాయి.

ఇప్పుడు కాగితం తీసుకోండి. అంకెలు ఉదాహరణకే. ఇండెక్స్, అంటే ప్రభుత్వం ప్రకటించే బొగ్గు ధరల సూచీ ప్రకారం టన్ను ధర 2,000 రూపాయలు, మీరు పాడింది 25 శాతం అనుకుందాం. ప్రభుత్వ వాటా 500. రాయల్టీ 14 శాతం, అంటే 280. రాయల్టీలో 10 శాతం గనుల ప్రభావం పడే ఊళ్ల కోసం పెట్టిన జిల్లా మినరల్ ఫౌండేషన్‌కు, 28. మీకు మిగిలేది 1,192. మార్కెట్ పడిపోయి 1,600కే అమ్మారనుకోండి, వాటా తగ్గదు. ఇండెక్స్ ధర, మీ అమ్మకం ధర, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీదే కట్టాలి. అప్పుడు చేతికొచ్చేది 792. రేషియో నాలుగైతే, క్యూబిక్ మీటరు మట్టికి 150 చొప్పున 600 అక్కడే పోయింది. మిగిలిన 192లో బొగ్గు తవ్వకం, డీజిల్, క్రషర్, బ్యాంకు వడ్డీ అన్నీ రావాలి. లాభంలో వాటా అనుకుని వచ్చేవాళ్లు ఈ లెక్క చూశాక కాసేపు మాట్లాడరు.

రవాణా కూడా చూడండి. మన కృష్ణపట్నం థర్మల్ కేంద్రానికి తాల్చేరు బొగ్గు రైల్లో పారాదీప్‌కు, అక్కడ్నించి ఓడలో వస్తుంది. గని దగ్గర ధర ఒకటి, కొనేవాడి గేటు దగ్గర ధర ఇంకొకటి. బొగ్గు వ్యాగన్లకు ఎత్తే రైల్వే సైడింగ్ ఎంత దూరమో తేలకుండా శాతం గురించి మాట్లాడొద్దు.

ఇక నేల. వేలంలో వచ్చేది బొగ్గు హక్కే. పైన ఉన్నది అడవైతే అటవీ అనుమతి, అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ తీర్మానం కావాలి. పట్టా భూమైతే సేకరణ, పునరావాసం. ఇక్కడ తహసీల్దారు ఎన్‌ఓసీ కోసం తిరిగిన అనుభవం అక్కడ సరిపోదు. ఆ ఊరి మనుషులు ఒప్పుకోకపోతే యంత్రాలు కిరాయి తింటూ కూర్చుంటాయి. ఈలోగా ఉత్పత్తి షెడ్యూలు తప్పితే బ్యాంకు గ్యారంటీకి కోత పడుతుంది. అందుకే కాగితాల కన్నా ముందు ఒకసారి ఆ ఊరెళ్లి టీకొట్టు దగ్గర కూర్చుని రమ్మంటాను.

వేలం ఎంఎస్‌టీసీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ పోర్టల్‌లో జరుగుతుంది. డిజిటల్ సిగ్నేచర్ గడువు ముందే చూసుకోండి. మొదట సీల్డ్ ఆఫర్. అర్హత వచ్చినవాళ్లలో ఎక్కువ వేసినవాడి శాతం నుంచే ఆన్‌లైన్ పాట మొదలవుతుంది. మీ ఆఖరి శాతం ముందురోజే కాగితం మీద రాసి, పాటలో కూర్చోకుండా బయటుండే భాగస్వామి జేబులో పెట్టండి. పావు శాతమే కదా అని ఒక్కో నొక్కు నొక్కుతూ పోతే 25 కాస్తా 31 అవుతుంది. అది దాటాలంటే ఆయనకు ఫోన్ చేసి ఒప్పించాలి. మా దగ్గరైతే ఆ భాగస్వామిగా ఇంట్లో ఆడవాళ్లను పెట్టమంటాను, వాళ్లు అంత తేలిగ్గా ఒప్పుకోరు.