అద్దె ఇంట్లో డిష్‌వాషర్ సరిగా తోమడం లేదా? ముందు నీళ్లు చూడండి

బెంగళూరులో ఇల్లు మారాక డిష్‌వాషర్ పనితీరు పడిపోయిందంటే తప్పు చాలాసార్లు మెషిన్‌ది కాదు, నీళ్లది. పాత ఇంట్లో కావేరి నీళ్లకి పెట్టిన సెట్టింగే కొత్త ఇంట్లో బోరు నీళ్లకీ నడుస్తూ ఉంటుంది. ఓనరు ఇంటితోపాటు ఇచ్చిన మెషిన్ అయితే, నీళ్లలోని సున్నాన్ని తీయడానికి అందులో పోయాల్సిన ఉప్పు అంతకుముందు ఉన్నవాళ్లు పోశారో లేదో కూడా తెలీదు. సర్వీసుకి ఫోన్ చేసేముందు కింద చెప్పినవి చూసుకోండి. స్విచ్ ఆపి, మెషిన్‌కి వెళ్లే కుళాయి కట్టేసి మొదలుపెట్టండి.

గిన్నెల మీద ఏం మిగిలింది?

తోమి బయటికొచ్చిన గాజు గ్లాసు ఒకటి వెలుగుకి అడ్డంగా పట్టి చూడండి. తెల్లటి పొర కనిపిస్తే కాస్త నిమ్మరసం రుద్దండి. పోతే అది నీళ్లలోని సున్నం. ఎంత రుద్దినా పోకపోతే గాజే అరిగిపోయింది, ఇక బాగుపడదు. హార్డ్‌నెస్ (సున్నం పాలు) లేని నీళ్లలో డిటర్జెంట్ ఎక్కువేసి వేడి ప్రోగ్రాం మీద రోజూ తిప్పితే అలా అవుతుంది. కడిగిన గ్లాసులో తాగే నీళ్లు ఉప్పగా తగిలితే అడుగున ఉన్న ఉప్పు డబ్బా మూత సరిగా బిగలేదు. పప్పు మెతుకులు, ఇసుకలాంటి రవ్వ అన్నిటికీ అంటుకుంటే ఫిల్టరు. పై అర మాత్రమే మురికిగా ఉంటే పై స్ప్రే ఆర్మ్ (తిరుగుతూ నీళ్లు చిమ్మే రెక్క). జిడ్డు వదలకపోతే డిటర్జెంటో, వేడో.

ఫిల్టరు, స్ప్రే ఆర్మ్‌లు

కింది అర బయటికి లాగితే అడుగున గుండ్రటి ఫిల్టరు కనిపిస్తుంది. దాన్ని తిప్పి పైకి తీయండి. దానికింద పల్చటి స్టీలు జల్లెడ ఉంటుంది, అదీ తీయండి. పాత టూత్‌బ్రష్‌తో, గోరువెచ్చటి నీళ్లతో రెండూ కడగండి. తీగ పీచు వాడితే జల్లెడ చిరుగుతుంది. తిరిగి పెట్టేటప్పుడు 'టక్' మని కూర్చోవాలి. సగం తిరిగి ఉండిపోతే పక్క సందులోంచి పోపులోని ఆవాలు, కరివేపాకు ముక్కలు పంపులోకి, అక్కణ్నుంచి స్ప్రే ఆర్మ్ రంధ్రాల్లోకి వెళ్తాయి. ఆవగింజ సరిగ్గా ఆ రంధ్రం సైజులోనే ఉండటం మన వంటింటి దురదృష్టం.

ఆర్మ్‌లని బయటికి తీసి చెవి దగ్గర ఊపండి. లోపల గలగలమంటే గింజలున్నట్టే. టూత్‌పిక్‌తో రంధ్రాలు పొడిచి, కుళాయి కింద ఎదురుగా నీళ్లు పట్టించండి. అసలు తిరుగుతున్నాయో లేదో తెలియాలంటే ఆర్మ్‌ని తిరిగి బిగించి తలుపుకి ఎదురుగా ఉంచి, కుళాయి, స్విచ్ మళ్లీ వేసి ప్రోగ్రాం మొదలుపెట్టండి. పది నిమిషాల తర్వాత ఆపి, వేడి ఆవిరి తగలకుండా మెల్లగా తెరిచి చూడండి. రెండు మూడుసార్లు చూసినా అదే దిక్కులో ఉంటే కుక్కర్ పిడో, పొడుగాటి గరిటో అడ్డుపడుతోంది, లేదా ఆర్మ్ పూడిపోయింది.

హార్డ్‌నెస్: అసలు కథ ఇక్కడే

2024 అక్టోబరులో కావేరి ఐదో దశ మొదలై, మహదేవపుర, బొమ్మనహళ్లి వైపు ఉన్న పాత పల్లె ప్రాంతాలకి పైపులొచ్చాక చాలా బిల్డింగుల సంపుల్లో కావేరి, బోరు, ట్యాంకరు నీళ్లు మూడూ కలుస్తున్నాయి. వారం వారం పాళ్లు మారతాయి. అందుకే "మాది కావేరి నీళ్లే" అని వాచ్‌మన్ చెప్పిన మాట మీద సెట్టింగ్ పెట్టకండి.

టీడీఎస్ మీటరు ఇక్కడ పనికిరాదు. అది కరిగిన లవణాలన్నీ కలిపి చూపిస్తుంది, గిన్నెల మీద పొర కట్టేది మాత్రం కాల్షియం, మెగ్నీషియం. బిల్డింగులో సాఫ్టెనర్ (హార్డ్‌నెస్ తీసే) ప్లాంటు ఉంటే టీడీఎస్ దాదాపు అంతే ఉంటుంది, హార్డ్‌నెస్ మాత్రం సున్నా దగ్గరికి వస్తుంది. హార్డ్‌నెస్ స్ట్రిప్పులు గానీ, చుక్కలేసి రంగు మారేదాకా లెక్కపెట్టే కిట్టు గానీ కొనండి. వంటింటి కుళాయి నీళ్లే పరీక్షించండి, ఆర్వో నీళ్లు కాదు. ట్యాంకరు వచ్చిన మర్నాడు ఒకసారి, కావేరి వచ్చిన మర్నాడు ఒకసారి చూసి, ఎక్కువ వచ్చిన అంకె తీసుకోండి.

కిట్టు హార్డ్‌నెస్‌ని పీపీఎంలో (లీటరుకి మిల్లీగ్రాముల్లో) చెబుతుంది, మాన్యువల్ చాలాసార్లు జర్మన్ డిగ్రీల్లో అడుగుతుంది. పీపీఎంని 17.8తో భాగించండి. 450 పీపీఎం అంటే సుమారు 25 డిగ్రీలు. హెచ్:00 నుంచి హెచ్:07 దాకా చూపించే బాష్ మోడళ్లలో 22–30 డిగ్రీలకి హెచ్:06. మీ మెషిన్ పట్టిక వేరుగా ఉండొచ్చు. మాన్యువల్ పోతే మోడల్ నంబరు తలుపు అంచు మీద ఉంటుంది, దాంతో కంపెనీ సైట్లో దొరుకుతుంది. ఈ అంకె ఎందుకంటే, సున్నాన్ని పట్టే రెసిన్‌ని ఎన్ని సార్లకోసారి ఉప్పు నీళ్లతో కడగాలో మెషిన్ దీన్ని బట్టే లెక్కేస్తుంది. తక్కువ పెడితే రెసిన్ నిండిపోతుంది, డబ్బాలో ఉప్పు ఉన్నా పొర కడుతూనే ఉంటుంది.

ఉప్పు డిష్‌వాషర్‌దే వాడాలి. టేబుల్ సాల్ట్‌లో అయోడిన్, గడ్డకట్టకుండా వేసే పొడి ఉంటాయి, రాళ్ల ఉప్పులో మట్టీ మెగ్నీషియమూ ఉంటాయి. కొత్త మెషిన్ అయితే మొదటిసారి మాత్రం డబ్బా నిండా నీళ్లు పోసి, తర్వాత ఉప్పు వేయాలి. మామూలుగా ఒక కిలో దాకా పడుతుంది. చుట్టూ ఒలికింది తుడిచేసి, మూత బిగించి, వెంటనే ఒక ప్రోగ్రాం నడపండి. ఉప్పు నీళ్లు రాత్రంతా నిలిస్తే స్టీలు మీద కూడా గుంటలు పడతాయి.

ఉప్పు, రిన్స్ ఎయిడ్ (గిన్నెలు మరకల్లేకుండా ఆరడానికి వేసే ద్రవం) కలిసిన ఆల్-ఇన్-వన్ ట్యాబ్లెట్లు ఉన్నాయి కదా అనొచ్చు. సుమారు 370 పీపీఎం దాటాక వాటిలోని ఉప్పు చాలదు, విడిగా పోయాల్సిందే.

లోపల ఇప్పటికే సున్నం పేరుకుని ఉంటే గిన్నెలేమీ పెట్టకుండా, డిటర్జెంట్ వేయకుండా, 100 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) అడుగున చల్లి అన్నిటికన్నా వేడి ప్రోగ్రాం ఒకసారి తిప్పండి. బ్లీచింగ్ జోలికి వెళ్లకండి.

నీళ్లు సరిపడా అందుతున్నాయా?

పై అంతస్తు ఇళ్లకిది ముఖ్యం. ట్యాంకులో నీటిమట్టం కుళాయి కంటే 10 మీటర్లు ఎత్తులో ఉంటే ఒత్తిడి 1 బార్. 3 మీటర్లే ఉంటే 0.3 బార్. చాలా మెషిన్లు అడిగే కనీసం 0.3 నుంచి 0.5 బార్. ఇన్‌లెట్ పైపు విప్పి, కుళాయి పూర్తిగా తిప్పి, బకెట్‌లో ఒక నిమిషం పట్టండి. 10 లీటర్లకి బాగా తక్కువొస్తే పైపు చివర ఉండే చిన్న జల్లెడ చూడండి, ట్యాంకరు ఇసుక అక్కడే చేరుతుంది. అదీ శుభ్రంగా ఉంటే ప్రెషర్ పంపు గురించి ఓనరుతో మాట్లాడాలి.

సోలార్ నీళ్ల లైనుకి కలిపారేమో కూడా చూడండి. చాలా మెషిన్లు 60 డిగ్రీల దాకానే తట్టుకుంటాయి, ఎండాకాలం సోలార్ ట్యాంకు అది దాటిపోతుంది.

డిటర్జెంట్, సర్దడం

పొడి అయితే 20–25 గ్రాములు. డబ్బా మూత తీసి ఉంచితే గడ్డకట్టి సత్తువ పోతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కూడా వద్దు, నురగకి పంపు గాలి పీల్చి నీళ్లు చిమ్మడం మానేస్తుంది. అరగంట ప్రోగ్రాంలో ట్యాబ్లెట్ పూర్తిగా కరగదు, నూనె గిన్నెలకి 65–70 డిగ్రీల ప్రోగ్రామే. పెద్ద పళ్లెం డిటర్జెంట్ అర మూతకి అడ్డుగా ఉంటే అది తెరుచుకోదు. సాంబారు గిన్నెలు బోర్లా, ఏటవాలుగా పెట్టండి. అల్యూమినియం కుక్కర్లు నల్లబడతాయి, ఇనప పెనం తుప్పు పడుతుంది, వాటిని చేత్తోనే తోమాలి. ప్లాస్టిక్ డబ్బాకి పట్టిన పసుపు మరకకి మాత్రం మెషిన్‌ని తిట్టకండి.

డ్రెయిన్ పైపు, ఓనరు

కడిగాక అడుగున మురికి నీళ్లు నిలిస్తే, డ్రెయిన్ పైపు సింకు గొట్టంలోకి ఎలా దూర్చారో చూడండి. నేల నుంచి కనీసం 40 సెంటీమీటర్ల ఎత్తుకి ఎక్కించి దించాలి, లేకపోతే సింకు మురికి వెనక్కొస్తుంది.

ఉప్పు, రిన్స్ ఎయిడ్, ఫిల్టరు శుభ్రం అద్దెవాళ్ల పని. పంపు, హీటరు, డ్రెయిన్ లైను అడగాల్సింది ఓనరుని, అగ్రిమెంటులో వేరుగా రాసి ఉంటే తప్ప. "గిన్నెలు బాగా రావట్లేదు" అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ కదలరు. హార్డ్‌నెస్ అంకె, బకెట్‌లో పట్టిన లీటర్లు, ఎర్రర్ కోడ్ ఫొటో, మోడల్ నంబరు కలిపి వాట్సాప్‌లో పెట్టండి. వారంటీ ఉంటే బిల్లు ఓనరు పేరు మీదే ఉంటుంది కాబట్టి కంప్లయింటు ఆయన చేతే బుక్ చేయించండి.