సంఘం కమిటీలో యువతకు సంతకం చేసే హక్కు ఇవ్వండి

మహారాష్ట్రలో సిరొంచ, బల్లార్‌పూర్, ధర్మాబాద్, దెగ్లూర్ వైపు తెలుగు సంఘం నడిపే పెద్దలారా, పిల్లలకు పందిరి పనులు అప్పజెప్పి లెక్కలు, తీర్మానాలు మనమే చూసుకుంటే వాళ్లకు సంఘం నడపడం ఎప్పటికీ రాదు.

ముందు సభ్యుల పట్టీ తీయండి. చాలా ఇళ్లలో తండ్రి పేరొక్కటే ఉంటుంది. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 15 ప్రకారం నియమాల ప్రకారం చేరి, చందా కట్టినవాళ్లు లేదా పట్టీలో సంతకం చేసినవాళ్లే సభ్యులు. చందా మూడు నెలలకు మించి బాకీ ఉంటే ఓటు లేదు. కాబట్టి ఎన్నికకు చాలా ముందే 18 నిండిన కొడుకులను, కూతుళ్లను, కోడళ్లను విడివిడిగా చేర్చి రసీదులివ్వండి.

తర్వాత నియమావళి సవరించాలి. 11 మంది కమిటీలో 35 ఏళ్ల లోపువాళ్లకు కనీసం 3 స్థానాలు ఉంచండి. ఒక్కరే ఉంటే పెద్దల ముందు నోరు విప్పరు. వరుసగా రెండు విడతలు చేసినవాళ్లు ఒక విడత ఆగాలనీ రాయండి. ఇది లేకుంటే ఖాళీలే రావు. సవరణకు ఎంత మెజారిటీ కావాలో మీ నియమావళిలోనే చూసుకోండి.

సహ కార్యదర్శి పదవి యువతకే ఇవ్వడం మేలు. చారిటీ ఆఫీసు (సంఘాలు, ట్రస్టుల వ్యవహారాలు చూసే చారిటీ కమిషనర్ కార్యాలయం) కాగితాలు మరాఠీలో నడుస్తాయి, మన పిల్లలు చదివిందీ ఎక్కువగా మరాఠీలోనే. ఆరు నెలలు పాత కార్యదర్శి పక్కన కూర్చోబెట్టి మినిట్స్ పుస్తకం, రసీదులు, మార్చి 31 లెక్కలు, ఆడిట్ నేర్పించండి. సమావేశంలో అధ్యక్షులు చివర మాట్లాడాలి. ఆయన ముందే తేల్చేస్తే చిన్నవాళ్లు ఎదురు చెప్పరు.

ఎక్కువమంది దెబ్బతినేది ఎన్నికయ్యాకే. మహారాష్ట్ర పబ్లిక్ ట్రస్టుల చట్టం సెక్షన్ 22 కింద, కమిటీ మారిన 90 రోజుల్లో ఆ మార్పును తెలిపే చేంజ్ రిపోర్ట్ చారిటీ ఆఫీసులో వేయాలి. సమావేశం నోటీసు, అది అందిన రుజువు, మినిట్స్, కొత్తవాళ్ల సమ్మతి పత్రాలు, దిగిపోయినవాళ్ల రాజీనామా లేదా అభ్యంతరం లేదన్న పత్రం జతచేయండి. గడువు దాటితే ఆలస్యానికి కారణం చెప్పి మాఫీ అడగాలి. వాట్సాప్ నోటీసు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. నియమావళి చెప్పిన పద్ధతిలో పంపి, రిజిస్టరులో సంతకాలు తీసుకోండి. లేకుంటే ఓడినవాళ్లు అభ్యంతరం పెడతారు.

రిపోర్ట్ వేసిన వారమే బ్యాంకుకు వెళ్లండి. ముగ్గురిలో ఏ ఇద్దరి సంతకంతోనైనా ఖాతా నడిచేలా తీర్మానం చేసి, ఆ ముగ్గురిలో ఒకరు యువ సభ్యులయ్యేలా చూడండి.