రిపోర్టు ఫోన్‌లోకి వచ్చింది, మరి చదవడం?

కొత్త దేశంలో దిగగానే సిమ్ కార్డు కోసం, బ్యాంకు ఖాతా కోసం అందరం పరిగెడతాం. ఆసుపత్రి యాప్ మాత్రం జ్వరం వచ్చిన రాత్రే గుర్తొస్తుంది. ఒంట్లో బాగున్నప్పుడే లాగిన్ పెట్టుకోండి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇవ్వండి. తర్వాత ఫోన్ నంబరు మారిస్తే యాప్‌లోనూ మార్చండి, లేదంటే ఓటీపీ పాత సిమ్‌కి పోతుంది.

బటన్లు నొక్కడం నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది. అసలు చిక్కంతా వచ్చిన రిపోర్టు చదువుకోవడంలోనే. మా నాన్నగారి పరగడుపు షుగరు రిపోర్టు డాక్టరు ఇంకా చూడకముందే, రాత్రి పదింటికి ఫోన్‌లో పడింది: 6.8. ఆయనకు 110, 120 చూడటమే అలవాటు. షుగరు పడిపోయిందని కంగారుపడి గ్లూకోజు కలుపుకోబోయారు. తీరా చూస్తే అంకె పక్కన చిన్న అక్షరాల్లో మిల్లీమోల్స్ అని ఉంది. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో షుగరు ఆ లెక్కలోనే ఇస్తారు. 18తో గుణిస్తే మనకు అలవాటైన మిల్లీగ్రాముల లెక్క వస్తుంది, అంటే సుమారు 122. తగ్గడం కాదు, కాస్త ఎక్కువే ఉంది! అంకె చూసేముందు యూనిట్, పక్కనుండే నార్మల్ రేంజ్ చూడండి. తేదీలతోనూ ఇదే తంటా: 04/05 అంటే బ్రిటన్‌లో మే 4, అమెరికాలో ఏప్రిల్ 5.

మనం పారాసెటమాల్ అనే మందునే అమెరికా, కెనడాల్లో ఎసిటమినోఫెన్ అంటారు. వేర్వేరు అనుకుని రెండూ వేసుకుంటే డోసు రెట్టింపై కాలేయానికి ముప్పు. జలుబు మందుల్లోనూ కలిసి ఉండొచ్చు, డబ్బా వెనక చదవాల్సిందే.

అనువాద యాప్ అపాయింట్‌మెంట్ వివరాల వరకు పనికొస్తుంది. రిపోర్టుల దగ్గర దాన్ని నేను నమ్మను. స్కాన్‌లో 'అన్‌రిమార్కబుల్' అని రాస్తే తేడా ఏమీ కనబడలేదని అర్థం. మాటకు మాట తెలుగు చేస్తే ఏదో లోపం ఉన్నట్టు వినిపిస్తుంది. 'పాజిటివ్' అంటే శుభవార్త అనుకునేవాళ్లూ ఉన్నారు. దేనికోసం వెతికారో అది దొరికిందని దానర్థం.

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు దుబాసీ కావాలని అడగండి, చాలాచోట్ల ఫోన్‌లోనైనా ఏర్పాటు చేస్తారు. పిల్లలచేత చెప్పించకండి. అమ్మ గర్భసంచి సమస్య గురించి పన్నెండేళ్ల కొడుకు డాక్టరుకు ఏమని చెబుతాడు?

పెద్దవాళ్ల రిపోర్టులు మీరు చూడాల్సి వస్తే వాళ్ల పాస్‌వర్డ్ వాడేయకండి. వాళ్ల అనుమతితో మీకు విడిగా లాగిన్ ఇచ్చే 'ప్రాక్సీ యాక్సెస్' ఉందేమో రిసెప్షన్‌లో అడగండి.

యాప్‌లో డాక్టరుకు పెట్టిన మెసేజ్‌కి జవాబు రావడానికి రోజులు పట్టొచ్చు. ఛాతీలో నొప్పి వస్తే టైప్ చేస్తూ కూర్చోకుండా ఆ దేశపు ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేయండి. ఆ నంబరు ఇవాళే ఇంట్లోవాళ్లందరి ఫోన్లలో సేవ్ చేసి పెట్టండి.