లైగాండ్ మార్చబోతే క్రిస్టల్ పగులుతోందా? ముందు పీహెచ్ చూడండి

ప్రొటీన్‌కి అంటుకునే చిన్న అణువే లైగాండ్. పాత ఇన్‌హిబిటర్ (ప్రొటీన్ పనిని ఆపే లైగాండ్) ఉన్న ప్రొటీన్ క్రిస్టల్‌ని, దాని బదులు కొత్తది ఎక్కించడానికి, కొత్త లైగాండ్ ద్రావణంలో వేశారు. రెండు నిమిషాల్లో అంచులు మసకబారి, అడ్డంగా చీలికలు వచ్చాయి. ఎవరు ఈ మాట చెప్పినా నేను అడిగేది ఒకటే: లైగాండ్ తీసేసి, దాన్ని కరిగించిన ద్రావకం డీఎంఎస్‌ఓతో సహా మిగతావన్నీ అలాగే ఉంచి, ఒక క్రిస్టల్ వేసి చూశారా? చూడలేదనే ఎక్కువ మంది చెబుతారు. దయచేసి ఒక్క క్రిస్టల్ దీనికి ఖర్చు పెట్టండి.

లైగాండ్ లేకపోయినా పగిలితే

ద్రావణమే సరిపోలేదు. చాలామంది క్రిస్టల్ పెరిగే డ్రాప్ పక్కన ఉంచే రిజర్వాయర్ ద్రావణాన్నే నేరుగా వాడేస్తారు. డ్రాప్‌లో ప్రొటీన్ బఫర్ నుంచి వచ్చిన ఉప్పు, గ్లిసరాల్ కూడా ఉంటాయి, రిజర్వాయర్‌లో ఉండవు. వాటినీ కలపండి, పెగ్ (క్రిస్టల్ కరగకుండా నిలిపే పాలిమర్) 2 నుంచి 5 శాతం పెంచండి. 20% పెగ్ ఉన్న 9 మైక్రోలీటర్లకు డీఎంఎస్‌ఓలో కరిగించిన లైగాండ్ స్టాక్ (గాఢ ద్రావణం) 1 మైక్రోలీటర్ కలిపితే పెగ్ 18 శాతానికి పడిపోతుంది. ఆ పలచనని ముందే లెక్కలో వేసుకోండి.

లైగాండ్ ఉంటేనే పగిలితే

ప్రొటీన్ ఆకారం మారింది కాబట్టి పగిలిందని వెంటనే తేల్చేస్తారు. నేనూ అలాగే అనుకుని మూడు వారాలు పోగొట్టుకున్నాను. కైనేజ్ అనే ఎంజైమ్ క్రిస్టల్‌లో ఇన్‌హిబిటర్ బదులు దాని సహజ లైగాండ్ ఏటీపీ పెట్టాలి. గాఢత తగ్గించాను, మెట్లు మెట్లుగా పెంచాను, చల్లగదిలో చేశాను. పగులుతూనే ఉంది. చివరికి ఆ ద్రావణం అర మైక్రోలీటరు పీహెచ్ పేపర్ మీద పెడితే ఎర్రబడింది, అంటే ఆమ్లం.

డైసోడియం ఏటీపీని ఉత్త నీళ్లలో కరిగిస్తే పీహెచ్ సుమారు 3 ఉంటుంది. 10 మిల్లీమోలార్ ఏటీపీ దాదాపు 20 మిల్లీమోలార్ ప్రోటాన్లు వదులుతుంది. పీహెచ్ 7.5 దగ్గర 20 మిల్లీమోలార్ హెపీస్ బఫర్ ఆపగలిగేది అందులో సగమే. ఆ తర్వాత బఫర్ చేతులెత్తేస్తుంది. హైడ్రోక్లోరైడ్, టీఎఫ్‌ఏ (ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం) లవణాలుగా వచ్చే కాంపౌండ్లతోనూ ఇదే తంటా. సీసా మీద లేబుల్ చదవండి, లవణం పేరు అక్కడే ఉంటుంది. స్టాక్‌ని సోడియం హైడ్రాక్సైడ్‌తో సరిచేసి, అన్నీ కలిపిన ఆఖరి ద్రావణం పీహెచ్ మళ్లీ చూడండి. స్టాక్ ఒక్కటే చూసి వదిలేయొద్దు.

పీహెచ్ సరిగ్గా ఉన్నా పగులుతుంటే అప్పుడు ఆకారం మార్పునే అనుమానించండి. పాత లైగాండ్‌ని ముందు కడిగేసి క్రిస్టల్‌ని ఖాళీగా ఉంచొద్దు. కొత్తదాన్ని మొదటి డ్రాప్ నుంచే ఇవ్వండి.

పగలలేదు, కానీ ఎక్స్-రేతో తీసిన ఎలక్ట్రాన్ సాంద్రత మ్యాప్‌లో పాత లైగాండే కనిపిస్తోంది

పాతది గట్టిగా పట్టుకుని ఉంది. కొత్త డ్రాప్‌లోకి మూడు నాలుగుసార్లు మార్చి, రాత్రంతా ఉంచండి. అయినా వదలకపోతే, బలహీనంగా అంటుకునే లైగాండ్‌తో మళ్లీ క్రిస్టల్స్ పెంచుకోవడమే మేలు.

మిగతావి అరుదు. ఇవేవీ పనిచేయకపోతే, ప్రొటీన్ అణువుల్ని ఒకదానికొకటి కట్టేసే గ్లుటరాల్డిహైడ్ ఆవిరితో క్రిస్టల్‌ని గట్టిపరచవచ్చు. డ్రాప్‌లో ట్రిస్ బఫర్ ఉంటే మాత్రం ముందు హెపీస్‌కి మార్చండి, లేకపోతే గ్లుటరాల్డిహైడ్‌ని ట్రిసే తినేస్తుంది.